మునిర్కాలో ఒక గూఢచారి: వీడియోగేమ్‌కు కథ అల్లే పని

వీడియోగేమ్‌లో గూఢచారి పాత్రకు కథ రాయడమంటే ఎవరికి ఏ సంగతి ఎప్పుడు తెలియాలో లెక్క కట్టడం. నవలలో ఆ లెక్క పూర్తిగా రచయిత చేతిలో ఉంటుంది. గేమ్‌లో సగం లెక్క ఆడేవారి చేతికి పోతుంది. వాళ్లు ఏ తలుపు ముందు తెరుస్తారో, ఎవరికి ఏ అబద్ధం చెబుతారో, ఏ కాగితం చదవకుండా వదిలేస్తారో రచయితకు ముందుగా తెలియదు. వాళ్లు ఏ దారిన పోయినా కథ తెగకుండా చూడడమే ఈ రచనలో అసలు పని. పరిశ్రమలో ఈ పని చేసేవారిని నేరేటివ్ డిజైనర్లు అంటారు. డైలాగ్ రచయితలు, లెవెల్ డిజైనర్లు, ప్రోగ్రామర్లు వాళ్లతో కలిసి కూర్చుని కథను ముక్కలు ముక్కలుగా కడతారు.

గూఢచారి పాత్ర గేమ్‌కు బాగా అతకడానికి ఒక కారణముంది. గేమ్ ఆడే మనిషి ఎప్పుడూ మరొకరి పేరుతో, మరొకరి రూపంలో తిరుగుతుంటాడు. గూఢచారి చేసేదీ అదే. అందువల్ల పట్టుబడతామేమోనన్న భయం పాత్రదీ ఆడేవారిదీ ఒకటే అవుతుంది. సైనికుడి కథలో గురి తప్పితే ప్రాణం మీదికొస్తుంది. గూఢచారి కథలో మాట తప్పితే చాలు, ముసుగు ఊడుతుంది.

దాక్కోవడం నుంచి నమ్మించడం దాకా

తొలినాటి గూఢచారి గేముల్లో కథ తక్కువ, దాక్కోవడం ఎక్కువ. 1981లో సైలస్ వార్నర్ ఆపిల్ టూ కంప్యూటర్ కోసం చేసిన కాజిల్ వుల్ఫెన్‌స్టైన్‌లో ఒక ఖైదీ నాజీల కోట నుంచి రహస్య పత్రాలతో తప్పించుకోవాలి. శత్రువుల యూనిఫాం దొరికితే తొడుక్కుని మామూలు కాపలావాళ్ల కళ్లు కప్పవచ్చు. మారువేషం గేముల్లోకి అంత తొందరగా వచ్చేసింది. 1987లో జపాన్‌లో హిడియో కొజిమా రూపొందించిన మెటల్ గేర్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. ఆ గేమ్ నడిచిన ఎంఎస్ఎక్స్2 కంప్యూటర్ తెర మీద ఒకేసారి ఎక్కువమంది శత్రువులనూ తూటాలనూ చూపించలేకపోయేది. ఆ ఇబ్బందికి కొజిమా కనిపెట్టిన విరుగుడు, పోరాటం మానుకుని తప్పించుకు తిరిగే కథానాయకుడు.

2000లో వచ్చిన నో వన్ లివ్స్ ఫరెవర్ 1960ల నాటి ఒక మహిళా గూఢచారి కథ. కాపలావాళ్లు తమలో తాము చెప్పుకునే ముచ్చట్లను చాటుగా వినడం అందులో పెద్ద సరదా. అదే ఏడాది చివర వచ్చిన ప్రాజెక్ట్ ఐజీఐ తెలుగు ఊళ్లలోని ఇంటర్నెట్ సెంటర్లలో ఒక తరానికి బాగా పరిచయం. అందులో డేవిడ్ జోన్స్ అనే ఏజెంటు ఒంటరిగా శత్రు స్థావరాల్లోకి చొరబడతాడు. అతనికి రేడియోలో ఆన్యా అనే అధికారిణి గొంతే తోడు. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు కనుక ఒక్క పొరపాటుతో మళ్లీ మొదటికొచ్చేది. ఆ కటువైన నియమమే చాలామందికి అందులోని కథకన్నా ఎక్కువ గుర్తుండిపోయింది. భారతీయ గేమ్ పరిశ్రమ తొలి విదేశీ పనుల్లో ఒకటీ గూఢచారిదే. 1997లో రాజేశ్ రావు బెంగళూరులో స్థాపించిన ధ్రువ ఇంటరాక్టివ్, ఫ్రాన్స్‌కు చెందిన ఇన్ఫోగ్రామ్స్ కోసం మిషన్ ఇంపాజిబుల్ పీసీ గేమ్ మీద పనిచేసింది.

తర్వాతి కాలంలో ఉత్కంఠ చీకటి మూలల నుంచి సంభాషణల్లోకి మారింది. 2006 నాటి స్ప్లింటర్ సెల్ డబుల్ ఏజెంట్‌లో శామ్ ఫిషర్ అనే ఏజెంటు ఒక తీవ్రవాద ముఠాలో చేరినట్టు నటిస్తాడు. తెర మీద రెండు కొలతలు కనబడుతుంటాయి. ఒకటి ప్రభుత్వ సంస్థకు అతని మీదున్న నమ్మకం, రెండోది ముఠాకున్న నమ్మకం. ఒకదాన్ని పెంచే పని చాలాసార్లు రెండోదాన్ని తగ్గిస్తుంది. 2010లో అబ్సిడియన్ సంస్థ తెచ్చిన ఆల్ఫా ప్రోటోకాల్‌లో ప్రతి సంభాషణకూ గడియారం నడుస్తుంటుంది. ఎదుటి మనిషితో నెమ్మదిగా మాట్లాడాలా, కటువుగానా, సరసంగానా అన్నది కొన్ని క్షణాల్లోనే తేల్చుకోవాలి. ఒక్కో పాత్రకు ఒక్కో తరహా నచ్చుతుంది. 2018 నాటి హిట్‌మ్యాన్ 2 గూఢచారి కథ కాదు, కిరాయి హంతకుడి కథ. అయినా అందులోని ముంబై అంకం గూఢచర్యానికి మంచి పాఠం. ముగ్గురు లక్ష్యాల్లో మేల్‌స్ట్రామ్ అనే మారుపేరున్న ఒకడి ముఖం ఎవరికీ తెలియదు. జనసమ్మర్దంలో ఆనవాళ్లు పోల్చుకుంటూ అతనెవరో ముందు తేల్చుకోవాలి.

చాణక్యుడి సరుకు

ఈ కథలకు కావలసిన ముడిసరుకు భారతీయ సాహిత్యంలో ఎప్పటినుంచో ఉంది. కౌటిల్యుడి అర్థశాస్త్రం మొదటి అధికరణంలోనే గూఢచారులను వర్గాలుగా విడదీసింది. ఒకచోట స్థిరపడి పనిచేసేవారిలో కపట విద్యార్థి, సన్యాసం వదిలిన వ్యక్తి, గృహస్థుడు, వర్తకుడు, తాపసి ఉన్నారు. తిరుగుతూ పనిచేసేవారిలో సాహసి, విషం పెట్టేవాడు, భిక్షుకి వంటివారున్నారు. రెండువైపులా జీతం తీసుకునే ఉభయవేతనుల ప్రస్తావన కూడా ఉంది. అంటే డబుల్ ఏజెంటు కొత్త పాత్రేమీ కాదు. గూఢచారులు ఒకరికొకరు తెలియకూడదనీ, ముగ్గురి మాట ఒక్కటైతేనే నమ్మాలనీ ఆ గ్రంథం చెబుతుంది. ఈ రెండు సూత్రాలనూ గేమ్ నియమాలుగా ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు.

విశాఖదత్తుడి ముద్రారాక్షసం ఇంకా దగ్గరి నమూనా. నందుల మంత్రి రాక్షసుడిని చంపకుండా చంద్రగుప్తుడి వైపు తిప్పుకోవడం చాణక్యుడి లక్ష్యం. అతని గూఢచారి నిపుణకుడు యమపటం పట్టుకుని ఇంటింటా పాడుతూ తిరుగుతాడు. రాక్షసుడి కుటుంబం తలదాచుకున్న చందనదాసు ఇంటి గుమ్మం దగ్గర, బయటికి రాబోయిన పసివాణ్ణి లోపలికి లాగుతున్న స్త్రీ చేతి నుంచి ఉంగరం జారి అతని కాళ్ల దగ్గర పడుతుంది. దాని మీద రాక్షసుడి ముద్ర ఉంటుంది. ఆ ముద్రతో ఒక దొంగ లేఖ తయారవుతుంది. ఆ లేఖ రాక్షసుడికీ, అతను ఆశ్రయించిన రాజు మలయకేతువుకూ మధ్య నమ్మకాన్ని విరగ్గొడుతుంది. గేమ్ పరిభాషలో చెప్పాలంటే ఉంగరం ఒక వస్తువు, లేఖ ఆ వస్తువుతో తయారైన ఆధారం, మలయకేతువు నమ్మకం పడిపోయే కొలత. ఒక చిన్న వస్తువు చేతులు మారడంతో రాజ్యం దిశ మారిపోయే ఈ అల్లిక నేటి నేరేటివ్ డిజైనర్లకు పనికొస్తుంది.

తెలుగు పాఠకులకు గూఢచారి మీద మోజు కొత్తది కాదు. 1966లో కృష్ణ నటించిన గూఢచారి 116, మధుబాబు షాడో నవలలు, 2018లో అడివి శేష్ గూఢచారి ఆ మోజును తరతరాలుగా నిలిపాయి. అయితే వాటిలో నాయకుడి తెగువ ముందు నడుస్తుంది, ప్రేక్షకుడు వెనక నడుస్తాడు. గేమ్‌లో వెనక నడిచే మనిషి ఉండడు. కాబట్టి ఆ కథల పట్టు తీసుకోవచ్చు గానీ కట్టుబడిని కొత్తగా వేసుకోవాలి.

చోటు ముందు, కుట్ర తర్వాత

గూఢచారి కథకు మొదట తేల్చుకోవలసింది చోటు. గేమ్‌లో చోటంటే నేపథ్య చిత్రం కాదు. ఎవరు ఎవరిని చూడగలరు, ఎవరి మాట ఎవరికి వినబడుతుంది, ఏ దారిన తప్పించుకోవచ్చు అన్న నియమాలన్నీ చోటులోనే ఉంటాయి. దక్షిణ ఢిల్లీలోని మునిర్కా ఇందుకు చక్కని ఉదాహరణ.

మునిర్కా అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న పాత ఊరు. టోకస్ ఇంటిపేరున్న జాట్ కుటుంబాలది. ఊరి పొలాలు నగరంలో కలిసిపోయినా, నివాస స్థలం లాల్ డోరా హద్దులో మిగిలింది. రెవెన్యూ పటంలో ఊరి ఇళ్ల చుట్టూ గీసిన ఆ గీత లోపల కట్టడాలకు చాలాకాలం నగర నిబంధనల నుంచి సడలింపు ఉండేది. ఫలితంగా ఇళ్లు పైకి పెరిగాయి, గల్లీలు ఇరుకుగానే ఉండిపోయాయి. ఎదురెదురు బాల్కనీల్లోని మనుషులు గొంతు పెంచకుండా మాట్లాడుకోవచ్చు. గదుల్లో అద్దెకుండేది విద్యార్థులు, ఈశాన్య రాష్ట్రాల యువత, ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు. చుట్టుపక్కల జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, ఢిల్లీ ఐఐటీ, దౌత్యవేత్తల నివాసాలున్న వసంత్ విహార్, ప్రభుత్వ కార్యాలయాలూ క్వార్టర్లూ ఉన్న ఆర్.కె.పురం ఉన్నాయి. ఆర్.కె.పురం గుట్ట మీది మలై మందిర్ దక్షిణాదివారు కలుసుకునే చోటు. 2018లో మెజెంటా లైన్ మీద మునిర్కా మెట్రో స్టేషన్ తెరుచుకుంది.

గూఢచారి కథకు కావలసినవన్నీ ఇక్కడ ఒక్క నడక దూరంలో ఉన్నాయి. కొత్త మనిషి వచ్చి చేరినా ఎవరూ వింతగా చూడరు. అదే సమయంలో గోడలు పల్చన, ఇంటి యజమాని కింది అంతస్తులోనే ఉంటాడు. గుట్టుగా ఉండడం తేలిక, గుట్టు దాచుకోవడం కష్టం. ఈ రెండూ ఒకేచోట కుదిరితే లెవెల్ డిజైనర్‌కు సగం పని అయిపోయినట్టే. అద్దెకు దిగేవారి వివరాలు పోలీసులకు ఇవ్వాలన్న ఢిల్లీ నియమం కూడా కథకు కలిసొస్తుంది. ఆ వెరిఫికేషన్ ఫారంలో రాసిన ప్రతి మాటనూ గూఢచారి ఆట చివరిదాకా మోయాల్సిందే.

పాత్ర, పని, ముసుగు

చోటు కుదిరాక మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుంటారు. గూఢచారిని పంపిందెవరు? తెలుసుకోవలసిన సంగతేమిటి? బయటికి ఆ గూఢచారి ఎవరు? ఈ మూడింటికీ జవాబులు ఒక్కో వాక్యంలో ఇమడకపోతే కథ ఇంకా తయారు కాలేదని అర్థం.

ఉదాహరణకు ఒక కల్పిత కథ అనుకోవచ్చు. ఒంగోలు దగ్గరి పల్లె నుంచి వచ్చిన అనువాదకురాలు పద్మను ఒక కల్పిత నిఘా సంస్థ మునిర్కాకు పంపుతుంది. ఒక ప్రభుత్వ కార్యాలయం నుంచి కాగితాలు బయటికి పోతున్నాయి. మోసుకెళ్లేదెవరో తేల్చాలి. బయటికి ఆమె కరీంనగర్ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని.

కాగితాలు పోవడం చిన్న విషయంగా తోచవచ్చు గానీ, నిజ జీవితంలోని గూఢచర్యం చాలావరకు ఇంతే. ఢిల్లీలో 1985 జనవరిలో బయటపడిన కుమార్ నారాయణ్ కేసులో తుపాకులు లేవు, వెంటాడే కార్లు లేవు. ప్రభుత్వ కార్యాలయాల ఉద్యోగులు రహస్య పత్రాలు బయటికి తేవడం, వాటికి ఫొటోకాపీలు తీయించి పంపడం, అసలు పత్రాలు తిరిగి ఫైల్లోకి చేరడం ఇదే తంతు. ప్రధానమంత్రి కార్యాలయ సిబ్బంది కూడా ఇందులో పట్టుబడడంతో ప్రధాని ముఖ్య కార్యదర్శి పి.సి.అలెగ్జాండర్ రాజీనామా చేశారు. ఒక జిరాక్స్ మెషీన్ చుట్టూ ఇంత పెద్ద కథ నడిచింది. విద్యార్థుల థీసిస్‌లు కాపీ తీసి బైండు చేసే దుకాణం మునిర్కా కథలో కీలక స్థలం కావడానికి ఈ చరిత్రే చాలు. అక్కడ కట్టలు కట్టలుగా కాగితాలు మోసుకొచ్చే మనిషిని ఎవరూ అనుమానించరు.

ముసుగు విషయంలో ఒక నియమం పాటిస్తారు. ముసుగు గూఢచారికి సగం తెలిసినదై ఉండాలి, సగం తెలియనిదై ఉండాలి. పద్మకు చదువుల వాతావరణం తెలుసు, కరీంనగర్ తెలియదు. ఆ తెలియని సగంలోంచే ఆట పుడుతుంది. ఆడేవారు మొదటి అంకంలోనే కరీంనగర్ గురించి వివరాలు పోగుచేసుకోవాలి. లేకపోతే తర్వాత ఇబ్బంది పడతారు.

తెలిసిన సంగతుల ఖాతా

రచయిత ప్రతి దృశ్యానికీ ఒక పట్టిక రాసుకుంటాడు. అందులో మూడు గడులుంటాయి. ఆడేవారికి తెలిసింది ఒకటి, పాత్రకు తెలిసింది ఒకటి, ఎదుటివాళ్లు నమ్ముతున్నది ఒకటి. గూఢచారి కథలో మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. పద్మకు తన శిక్షణ, తన పై అధికారి, తన గతం అన్నీ తెలుసు. ఆడేవారికి ఏమీ తెలియదు. ఈ ఎడం పూడ్చడానికి చాలా గేములు పాత్రకు మతిమరుపు అంటగట్టాయి. అది అరిగిపోయిన ఉపాయం. దానికన్నా మేలైన దారి, పాత్రను పనికి కొత్తగా చూపించడం. ఆమె నేర్చుకునేటప్పుడే ఆడేవారూ నేర్చుకుంటారు. మరో దారి, పై అధికారి రేడియోలోనో ఫోన్లోనో మాట్లాడడం. ఐజీఐలో ఆన్యా గొంతు ఉన్నది ఇందుకే. ఆ గొంతు చెప్పినదంతా ఆడేవారు నమ్ముతారు కనుక, అవసరమైనప్పుడు రచయిత ఆ నమ్మకాన్నే వాడుకోగలుగుతాడు.

ఈ ఖాతా ఒక దృశ్యంలో ఎలా పనిచేస్తుందో చూస్తే సంగతి బోధపడుతుంది. మూడో అంతస్తు మెట్ల మీద పద్మకు పక్క గది అమ్మాయి ఎదురవుతుంది. చేతిలో మంచినీళ్ల క్యాను. ఆమెది నిజంగానే కరీంనగర్.

“అక్కా, మీది గూడ కరీంనగరేనంట గద! ఏడ ఉంటరు?”

తెర మీద మూడు జవాబులు వస్తాయి. మొదటిది “మంకమ్మతోట” అని ఊళ్లోని ఒక పేట పేరు చెప్పడం. ఆ పేరు ముందే తెలుసుకుని ఉంటేనే ఈ జవాబు కనబడుతుంది. చెప్పగానే అవతలి నుంచి “మా చిన్నమ్మోళ్లది గూడ ఆడనే, ఏ గల్లీ?” అని మరో ప్రశ్న పడుతుంది. రెండోది “పుట్టింది కరీంనగర్లోనే, చదువంతా గుంటూరు హాస్టల్లో” అని తప్పించుకోవడం. పద్మ యాసకు ఇది చక్కని సంజాయిషీ, కానీ గుంటూరు అనే కొత్త అబద్ధం ఖాతాలో చేరుతుంది. ఇంటి యజమానికి ఇచ్చిన ఫారంలో గుంటూరు లేదు. మూడోది “క్లాసుకు ఆలస్యమైంది, సాయంత్రం కూర్చుందాం” అని జారుకోవడం. అనుమానం పెద్దగా పెరగదు, స్నేహం మాత్రం తగ్గుతుంది. పదో అంకంలో పోలీసులు తలుపు కొట్టినప్పుడు అబద్ధమాడి కాపాడగలిగింది ఆ పక్క గది అమ్మాయే.

స్క్రిప్టులో ఈ మూడు జవాబుల పక్కనా మార్పులు రాస్తారు. మొదటిదానికి స్నేహం ఒకటి పెంపు. రెండోదానికి గుంటూరు అబద్ధం నమోదు. మూడోదానికి స్నేహం ఒకటి తగ్గింపు. ప్రోగ్రామర్లు ఇలా నమోదు చేసే గుర్తులను ఫ్లాగులు, లెక్కలను వేరియబుల్స్ అంటారు. ఏ జవాబూ పూర్తిగా ఒప్పు కాకూడదు, ఏదీ పూర్తిగా తప్పు కాకూడదు. ఒకే ఒక సరైన జవాబున్న దృశ్యం పరీక్ష పేపరు అవుతుంది, గూఢచర్యం కాదు.

నమ్మకం, ద్రోహం

ద్రోహం లేని గూఢచారి కథ అరుదు. గేమ్‌లో ద్రోహం రాయడం మరీ కష్టం. ఆడేవారు ఎన్నో గంటలు వెచ్చించి ఉంటారు. నమ్మిన పాత్ర హఠాత్తుగా శత్రువని తేలితే మోసపోయామన్న కోపం రచయిత మీదికి మళ్లుతుంది. అందుకే ద్రోహానికి ముందు ఆనవాళ్లు చల్లుతారు. ఒక్క ఆనవాలును ఎవరైనా దాటిపోవచ్చు. కనీసం మూడు వేర్వేరు చోట్ల, మూడు వేర్వేరు రూపాల్లో ఉంటే ఒకటైనా కంటపడుతుంది. ఒకటి మాటలో, ఒకటి కాగితం మీద, ఒకటి ప్రవర్తనలో. అర్థశాస్త్రం చెప్పిన ముగ్గురి మాటే ఇక్కడ రచయితకూ పనికొస్తుంది. పద్మ కథలో పై అధికారే కాగితాలు బయటికి పంపుతున్నాడని తేలాలంటే, జిరాక్స్ దుకాణం చీటీలోని తేదీ, టీ కొట్టు యజమాని యథాలాపంగా అన్న మాట, ఫోన్లో ఆ అధికారి వెనక వినిపించిన స్టేషన్ ప్రకటన కలవాలి. మూడూ కలిపిన ఆడేవారికి సంగతి ముందే తెలిసిపోతుంది. కలపనివారికి ద్రోహం జరిగాక తెలుస్తుంది. ఇద్దరికీ అది న్యాయంగానే అనిపించాలి.

ద్రోహాన్ని ఆడేవారి చేతే చేయించడం ఇంకా బలమైన పద్ధతి. డబుల్ ఏజెంట్‌లో ఒక ఘట్టంలో శామ్ ఫిషర్ చేతికి తుపాకీ ఇచ్చి, బందీగా చిక్కిన తన సొంత అధికారి లాంబర్ట్‌ను కాల్చమంటారు. కాలిస్తే ముసుగు నిలుస్తుంది, కాల్చకపోతే మనిషి నిలుస్తాడు. 2004 నాటి మెటల్ గేర్ సాలిడ్ 3లో నాయకుడు తన గురువైన ద బాస్‌ను చివరకు చంపాలి. ఆ క్షణంలో సినిమా దృశ్యం ఆగిపోయి, ఆడేవారు తమ వేలితో మీట నొక్కేదాకా గేమ్ ఎదురుచూస్తుంది. ఆమె నిజంగా ద్రోహి కాదని, ఆజ్ఞ మేరకు ఆ పాత్ర పోషించిందని తర్వాత తెలుస్తుంది. 2023లో సైబర్‌పంక్ 2077కు అనుబంధంగా వచ్చిన ఫాంటమ్ లిబర్టీలో గూఢచారి సాలమన్ రీడ్, హ్యాకర్ సాంగ్‌బర్డ్ ఇద్దరిలో ఎవరి పక్షమో ఆడేవారే తేల్చాలి. ఎటు మొగ్గినా ఒకరికి ఇచ్చిన మాట తప్పుతుంది.

కథకూ ఆటకూ పొత్తు

కథ బాగుండి, ఆట బాగుండి, రెండూ కలవక దెబ్బతిన్న గేములు చాలా ఉన్నాయి. 1990లో సిడ్ మైయర్ చేసిన కోవర్ట్ యాక్షన్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆధారాలు పేర్చి ముఠా గుట్టు విప్పడం అందులో ప్రధాన కథ. మధ్యమధ్యలో భవనాల్లోకి చొరబడడం, ఫోన్లు ట్యాప్ చేయడం, సంకేత భాష విప్పడం వంటి చిన్న ఆటలుంటాయి. ఒక భవనంలో పోరాడి బయటపడేసరికి, ఏ ఆధారం కోసం లోపలికెళ్లారో ఆడేవారు మరిచిపోయేవారు. రెండు మంచి ఆటలు ఒకదాన్నొకటి తినేశాయని మైయర్ ఆ తర్వాత చెబుతూ వచ్చారు. అప్పటి నుంచి అది గేమ్ డిజైనర్లకు కోవర్ట్ యాక్షన్ సూత్రంగా స్థిరపడింది.

ఈ సూత్రం ప్రకారం పద్మ కథలో వీరోచిత పోరాటాలు పెడితే కథ చెడుతుంది. ఆమెకు చేతనైనది వినడం, చదవడం, మాట్లాడడం. కాబట్టి ఆటలోని ప్రతి పనీ ఆ మూడింటి నుంచే రావాలి. బాల్కనీలో బట్టలు ఆరేస్తూ ఎదురింటి మాటలు వినవచ్చు. బైండింగుకు వచ్చిన కట్టలో కాగితాల క్రమం చూసి మధ్యలో ఏది తీశారో పోల్చవచ్చు. మెట్రోలో ఒక మనిషి వెనక దూరం పాటిస్తూ నడవవచ్చు.

పట్టుబడితే ఏమవుతుందన్నదీ కథే తేల్చాలి. ఐజీఐలోలా మొదటికి పంపడం ఒక పద్ధతి. ఇప్పటి కొన్ని గేములు ఓటమిని కథలోకి మళ్లిస్తాయి. యజమానికి అనుమానం వస్తే ఆట ముగియదు. గది ఖాళీ చేయమంటాడు. పద్మ మరో గల్లీకి మారుతుంది, కొత్త పొరుగువాళ్లు వస్తారు, పాత సమాచార మార్గాలు మూసుకుపోతాయి. ఆట కష్టమవుతుంది గానీ నిలిచిపోదు.

కాగితం మీద పని

రాసే పని కొన్ని పత్రాలుగా సాగుతుంది. మొదటిది బైబిల్. పాత్రల గతం, నిఘా సంస్థ నిర్మాణం, కాలక్రమం, ఊరి పటం అందులో ఉంటాయి. నిజమైన సంస్థల పేర్లు వాడకుండా కల్పిత సంస్థను సృష్టించుకోవడం మామూలు పద్ధతి. రెండోది ఫ్లోచార్టు. కథ ఎక్కడ చీలుతుందో, ఎక్కడ మళ్లీ కలుస్తుందో గీస్తారు. ప్రతి ఎంపికకూ కొత్త దారి వేస్తూ పోతే, పది ఎంపికలకే వెయ్యి దారులు దాటుతాయి. అందుకే దారులు విడిపోయి, ముఖ్యమైన మలుపు దగ్గర మళ్లీ కలుస్తాయి. సంఘటన అందరికీ ఒకటే అయినా, దాన్ని ఎవరు ఏ నమ్మకంతో చూస్తారన్నది మారుతుంది. మూడోది బార్కులు. దారినపోయే పాత్రలు, కాపలావాళ్లు అనే చిన్న చిన్న మాటలివి. “ఎవరక్కడ?” అన్న ఒక్క భావానికే పది పన్నెండు రూపాలు రాస్తారు. అదే మాట మళ్లీ మళ్లీ వినబడితే ఆ మనిషి బొమ్మ అని తెలిసిపోతుంది.

కొత్తవారు సాధన చేయడానికి ఉచిత పనిముట్లున్నాయి. 2009లో క్రిస్ క్లైమాస్ విడుదల చేసిన ట్వైన్‌లో ప్రోగ్రామింగ్ రాకపోయినా చీలికల కథ కట్టవచ్చు. ఇంగ్లండ్‌కు చెందిన ఇంకిల్ సంస్థ తన ఇంక్ అనే రచనా భాషను 2016లో అందరికీ ఉచితంగా ఇచ్చింది. దానికి నమూనాగా ఆ సంస్థ ఇచ్చిన ద ఇంటర్‌సెప్ట్ కూడా గూఢచారి కథే. రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్లెచ్లీ పార్క్‌లో ఒక ఉద్యోగిని ప్రశ్నిస్తుంటారు. కొద్దిమంది మనుషులు, వాళ్ల మాటలే అందులో ప్రధానం.

తెలుగులో రాసేటప్పుడు

తెలుగులో గూఢచారి గేమ్ రాసేవారికి భాషే ఒక ఆయుధం. ఎవరిని మీరు అంటారు, ఎవరిని నువ్వు అంటారు అన్నదాంట్లోనే సంబంధం బయటపడుతుంది. పరిచయం లేనట్టు నటిస్తున్న ఇద్దరు ఏజెంట్లలో ఒకరు పొరపాటున నువ్వు అంటే పక్కవాళ్లు చెవులు రిక్కిస్తారు. యాస ఇంకా పదునైనది. “ఎప్పుడొచ్చినవ్” అనే ఊరి మనిషినని చెప్పుకుని “ఎప్పుడొచ్చావ్” అంటే ముసుగు పలచబడుతుంది. పైసలకు బదులు డబ్బులన్నా అంతే. ఇలాంటి జవాబులు కలిపి ఇస్తే తెలుగు తెలిసిన ఆటగాళ్లు చెవితోనే ఎంచుకుంటారు. యాసను నవ్వుకోసం వాడకుండా, దాన్ని తెలివికి పరీక్షగా వాడడం ఇక్కడ ముఖ్యం.

ఒక సాంకేతిక చిక్కు కూడా ఉంది. నాయిక, నాయకుడు ఇద్దరిలో ఎవరినైనా ఎంచుకోనిచ్చే గేమ్‌లో, ఎదుటి పాత్రలు వారి గురించి మాట్లాడేటప్పుడు క్రియ మారుతుంది. వచ్చాడు, వచ్చింది అని రెండుసార్లు రాసి, రెండుసార్లు రికార్డు చేయాలి. నేరుగా మాట్లాడే వాక్యాల్లో వచ్చావు, వచ్చారు అన్నవి ఇద్దరికీ సరిపోతాయి. ఖర్చు తగ్గించుకోవాలంటే ముఖాముఖి సంభాషణలు ఎక్కువ పెట్టుకోవడం మేలు.

ముగింపులు, పరీక్ష

గూఢచారి గేమ్‌కు సాధారణంగా ఒకటికి మించిన ముగింపులుంటాయి. వాటిని చివరి దృశ్యంలోని ఒక్క మీటతో తేల్చకుండా, ఆట పొడవునా పోగైన ఖాతాతో తేల్చడం మంచి పద్ధతి. పద్మ కథలో మూడు ముగింపులు సరిపోతాయి. దొంగ దొరికి ముసుగు నిలవడం, దొంగ దొరికి ముసుగు పోవడం, ముసుగు కోసం దొంగను వదిలేయడం. మూడింటిలోనూ పక్క గది అమ్మాయి ఏమైందో చెప్పాలి. ఆడేవారు ఎక్కువసేపు గడిపింది ఆమెతోనే.

రాత పూర్తయ్యాక పరీక్షకు ఇస్తారు. కథ తెలియనివాళ్లు ఆడుతుంటే రచయిత నోరు మెదపకుండా పక్కన కూర్చుంటాడు. వాళ్లు ఎక్కడ ఆగిపోయారు, ఎవరిని అనుమానించారు, ఏ ఆనవాలు చూడలేదు అన్నవి రాసుకుంటాడు. గూఢచారి గేమ్‌లో తప్పకుండా చూడవలసిన లోపం ఒకటుంది. పద్మ గుంటూరు అని ఎప్పుడూ చెప్పని ఆటలో కూడా ఎవరో గుంటూరు ప్రస్తావన తెస్తే, ఖాతా ఎక్కడో తప్పిందని అర్థం. ఇలాంటివి దొరికినకొద్దీ ఫ్లాగులు సరిచేసి, దృశ్యం తిరగరాసి, మళ్లీ ఆడిస్తారు. ఆడేవారు చెప్పిన ప్రతి అబద్ధమూ గేమ్‌కు గుర్తుండి, చెప్పని అబద్ధం ఒక్కటీ గుర్తుకు రాకపోతే కథ విడుదలకు సిద్ధమైనట్టు.